కార్చిచ్చు క్యాంపులో కొనుగోళ్ళ పని చేయాలంటే

అమెరికాలో ఎండాకాలం మొదలవగానే టీవీలో మంటలు చూసి మనవాళ్ళు ఫోన్ చేస్తారు, నువ్వు ఫైర్ మీదకి వెళ్తావంట కదా, భయం వేయదా అని. నేను మంట మొహం చూసేది తక్కువండీ, దానికి మైళ్ళ దూరంలో ఏ స్కూల్ గ్రౌండ్‌లోనో టెంట్ కింద ప్లాస్టిక్ టేబుల్ వేసుకుని, వాటర్ టెండర్ (నీళ్ళ ట్యాంకర్) ఓనర్‌తో పొద్దున ఎన్నింటికి మొదలెట్టావు ఎన్నింటికి ఆపావు అని వాదించుకునే మనిషిని. ఈ పనికి ఎలా రావాలో అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, ముఖ్యంగా గవర్నమెంట్ కాంట్రాక్టుల్లోనో అకౌంట్స్‌లోనో ఉన్నవాళ్ళు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా. ఇదంతా ఫెడరల్ పద్ధతి, స్టేట్ వాళ్ళ రూల్స్ వాళ్ళకుంటాయి.

ముందు ఎవరు ఎక్కడ కూర్చుంటారో తెలియాలి. 1970లో కాలిఫోర్నియా మంటల్లో ఒక డిపార్ట్‌మెంట్ మాట ఇంకో డిపార్ట్‌మెంట్‌కి అర్థం కాక జరిగిన గందరగోళంలోంచి పుట్టింది ఇన్సిడెంట్ కమాండ్ సిస్టం, అంటే ఎవరు ఏ పని చూడాలో ఎవరి మాట వినాలో చెప్పే పద్ధతి. అందులో ఫైనాన్స్ సెక్షన్ ఒకటి, దాని కింద నాలుగు యూనిట్లు: టైం, కాస్ట్, కాంపెన్సేషన్ అండ్ క్లెయిమ్స్, ప్రొక్యూర్‌మెంట్. ప్రొక్యూర్‌మెంట్ యూనిట్ లీడర్ని అందరూ ప్రాక్ అంటారు. అద్దెకొచ్చిన బండ్లు, మెషీన్లు, క్యాంపు పెట్టుకున్న స్థలాలు, వాటి అగ్రిమెంట్లు, రోజువారీ టైం, అన్నీ ఆ మనిషి నెత్తిమీదే. ప్రాక్ కింద ఎక్విప్‌మెంట్ టైం రికార్డర్ ఉంటారు, కొత్తవాళ్ళు అక్కడ మొదలుపెడితే మంచిది, ఎందుకంటే ఒక వారం షిఫ్ట్ టికెట్లు (ఏ బండి రోజుకి ఎన్ని గంటలు పనిచేసిందో రాసే చీటీలు) ఎక్కిస్తే మొత్తం వ్యవహారం ఎలా నడుస్తుందో అదే అర్థమవుతుంది. బయింగ్ టీం మాత్రం వేరే, దాన్ని చాలామంది ఫైనాన్స్ సెక్షన్‌లో భాగం అనుకుంటారు, కాదు. వాళ్ళు లోకల్ ఏజెన్సీ ఆఫీసు తరఫున ఊళ్ళో కూర్చుని ఐస్, బ్యాటరీలు, టాయిలెట్లు, సాక్ లంచ్‌లు (పొట్లం భోజనాలు) కొనిపెడతారు. ఫైర్‌ని నడిపించే కమాండ్ టీం మారినా వాళ్ళు అక్కడే ఉండొచ్చు.

ఎలా చేరాలి అంటే, ఇందులో చాలామందికి ఇది అసలు ఉద్యోగం కాదు. ఫారెస్ట్ సర్వీస్, బీఎల్ఎం (ప్రభుత్వ భూములు చూసే సంస్థ), పార్క్ సర్వీస్ లాంటి చోట ఏడాదంతా వేరే పని చేసుకుంటూ ఫైర్ సీజన్‌లో పిలిస్తే వెళ్ళేవాళ్ళు, వీళ్ళని మిలీషియా అంటారు. మీరు ఆల్రెడీ 1102 సిరీస్ (ఫెడరల్ ఉద్యోగాల్లో కాంట్రాక్టింగ్‌కి ఇచ్చే నంబర్) ఉద్యోగంలో ఉంటే సగం దారి వచ్చేసినట్టే, మీ సూపర్‌వైజర్ వదలడమే మిగిలిన సగం (అది చిన్న సగమేం కాదు). ఉద్యోగంలో లేనివాళ్ళని సీజన్‌కి ఏడీ కింద, అంటే అవసరమైనన్నాళ్ళకే తీసుకునే క్యాజువల్ హైర్ కింద తీసుకుంటారు, రిటైరైనవాళ్ళు చాలామంది అలా వస్తారు, దానికి మీ దగ్గర్లోని ఏజెన్సీ ఆఫీసులో సీజన్ మొదలవకముందే అడగాలి, జులైలో పొగ చూసి పరిగెడితే ఎవరూ పట్టించుకోరు. పర్మనెంట్ ఫెడరల్ ఉద్యోగానికి మామూలుగా సిటిజన్‌షిప్ కావాలి, కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళు దానిమీద ఆశ పెట్టుకోకండి.

ట్రైనింగ్‌లో ఐఎస్-100, ఐఎస్-700 అనే బేసిక్ కోర్సులు ఆన్‌లైన్‌లో ఫ్రీగా అయిపోతాయి. అసలు సరుకు ఎస్-260 కోర్సులో ఉంది, ఇన్సిడెంట్ బిజినెస్ గురించి. ఆ తర్వాత మీ పొజిషన్‌కి టాస్క్ బుక్ తీసుకుని ట్రైనీగా వెళ్ళాలి, అక్కడ సీనియర్ ఒకళ్ళు మీ పని చూసి ఒక్కో లైన్ సంతకం పెడతారు, పుస్తకం నిండి ఏజెన్సీ ఒప్పుకుంటే క్వాలిఫికేషన్ కార్డులో మీ పొజిషన్ ఎక్కుతుంది. ఫైర్ లైన్ మీదకి పోయేవాళ్ళలా బరువు మోస్తూ నడిచే పరీక్ష మన పొజిషన్లకి అక్కర్లేదు. ఇంకోటి, ఎన్‌డబ్ల్యూసీజీ (కార్చిచ్చు పనికి అన్ని ఏజెన్సీలకీ ఒకే పద్ధతులు పెట్టే గ్రూపు) వాళ్ళ పీఎంఎస్ 902 అనే ఇన్సిడెంట్ బిజినెస్ రూల్స్ పుస్తకం పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోండి, పాతవాళ్ళు దాన్ని ఎల్లో బుక్ అంటారు. క్యాంపులో సిగ్నల్ ఉండదు, కాబట్టి ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి, లింక్ బుక్‌మార్క్ చేసుకుంటే లాభం లేదు.

ఇప్పుడు అసలు పని. నన్నడిగితే ఈ పని మొత్తం రెండు ప్రశ్నలు: నంబర్ ఉందా, ఎవరు చెప్పారు.

నంబర్ అంటే రిసోర్స్ ఆర్డర్ నంబర్. ఫైర్‌కి ఏం కావాలన్నా ఆర్డర్ ఐరాక్ అనే సిస్టంలో ఎక్కుతుంది (2020లో రాస్ అనే పాత సిస్టం పోయి ఇది వచ్చింది). నంబర్ ముందు ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది: మనుషులైతే ఓ (O), క్రూ అయితే సీ (C), ఎక్విప్‌మెంట్ అయితే ఈ (E), విమానాలు హెలికాప్టర్లైతే ఏ (A), సామాన్లైతే ఎస్ (S). ఈ-57 అంటే యాభై ఏడో ఎక్విప్‌మెంట్ రిక్వెస్ట్ అన్నమాట. గేటు దగ్గరికి బుల్డోజర్ వచ్చి ఆగితే డ్రైవర్ ఎంత మంచివాడైనా మొదట అడగాల్సింది ఆ ఈ (E) నంబరే. నంబర్ లేకుండా పనిలో పెడితే రెండు వారాల తర్వాత ఆ బిల్లు ఏ ఫైర్ ఖాతాలో వేయాలో తెలీక పది ఈమెయిళ్ళు తిరుగుతాయి, డబ్బులు రాక అతను మిమ్మల్నే తిట్టుకుంటాడు.

ఎవరు చెప్పారు అనేది ఇంకా పెద్ద తలనొప్పి. ప్రభుత్వం తరఫున కమిట్ అయ్యే అధికారం వారంట్ (రాతపూర్వక అధికారపత్రం) ఉన్న కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కో, పర్చేజ్ కార్డు (ప్రభుత్వ క్రెడిట్ కార్డు) ఉన్నవాళ్ళకి వాళ్ళ లిమిట్‌లోనో ఉంటుంది, అంతే. కార్డు మీద మైక్రో పర్చేజ్ (చిన్న కొనుగోలు) లిమిట్ 2025 అక్టోబర్ 1 నుంచి 15,000 డాలర్లు, అంతకుముందు 10,000. కానీ సర్వీస్ కాంట్రాక్ట్ జీతాల చట్టం కిందకొచ్చే పనులైతే 2,500, కన్‌స్ట్రక్షన్ అయితే 2,000 దాటకూడదు, కొత్తవాళ్ళు జారిపడేది ఇక్కడే. టాయిలెట్ కొనడం వేరు, టాయిలెట్ క్లీన్ చేయడానికి రోజూ రమ్మనడం వేరు, అది సర్వీస్.

ఒకసారి నేనున్న క్యాంపులో ఎవరో పెద్దమనిషి, ఎవరో చెప్పను, ఐస్ ట్రక్కు అబ్బాయితో రేపట్నుంచి రెండు లోడ్లు తెచ్చెయ్ అన్నాడు. అతను నమ్మి తెచ్చాడు. నాలుగో రోజు బిల్లు నా టేబుల్ మీదకొచ్చింది, ఎస్ నంబర్ ఒక్క లోడ్‌కే ఉంది. మిగతాదాన్ని ఆథరైజేషన్ లేని కమిట్‌మెంట్ అంటారు, దాన్ని తర్వాత సరిచేయడానికి రాటిఫికేషన్ అని ఒక తంతు ఉంది, చెప్పినవాళ్ళు ఎందుకు చెప్పారో రాసివ్వాలి, ధర న్యాయమైనదేనా చూడాలి, పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఐస్ కరిగి నీళ్ళయిపోయి నెల దాటినా ఆ ఫైలు కరగలేదు. అందుకే క్యాంపుకి చేరిన మొదటి రోజే లాజిస్టిక్స్ వాళ్ళ దగ్గరికి పోయి టీ తాగుతూ చెప్పేస్తా, వెండర్‌తో ముచ్చట్లు మీ ఇష్టం, ఎన్ని కావాలో మాత్రం మీ నోటితో చెప్పకండి అని.

ఎక్విప్‌మెంట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు ఎక్కువ పోయేది అక్కడే. బండి రాగానే ఇన్‌స్పెక్షన్, ఓఎఫ్-296 ఫారం. పగిలిన లైటు, గీతలు, టైర్ల పరిస్థితి, అన్నీ రాసి ఫోటోలు తీయాలి, నాలుగు వైపులా, నంబర్ ప్లేటు కనబడేలా. ఒక వాటర్ టెండర్ వెనక లైటు పగుళ్ళతోనే వచ్చింది, ఆ రోజు హడావుడిలో ఎవరూ రాయలేదు, వెళ్ళేటప్పుడు ఓనర్ మీ రోడ్డులోనే పగిలింది అన్నాడు, కాదనడానికి నా దగ్గర ఏముంది? చిన్న లైటే, కానీ అదే ఇంజిన్ అయితే కొంప మునుగుతుంది.

తర్వాత రోజూ షిఫ్ట్ టికెట్, ఓఎఫ్-297. తేదీ, ఈ (E) నంబర్, మొదలెట్టిన టైం, ఆపిన టైం, కాంట్రాక్టర్ సంతకం, ఫీల్డ్‌లో చూసిన ప్రభుత్వ సూపర్‌వైజర్ సంతకం. ఏ రోజుది ఆ రోజే తీసుకోవాలి. ఐదు రోజులవి కలిపి ఒకే పెన్నుతో ఒకే చేతిరాతతో తెచ్చేవాళ్ళుంటారు, అన్నిట్లో 0600 నుంచి 2000, అంటే పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది. అలాంటివి చూస్తే నేను సూపర్‌వైజర్ని రేడియోలో పిలిపిస్తా, మొహమాటం లేదు. బండి మధ్యలో చెడిపోతే ఆ గంటలు రిమార్క్స్‌లో రాయాలి, లేకపోతే పని చేయని బండికి డబ్బులిచ్చినవాళ్ళమవుతాం.

రేటు చదవడం కూడా నేర్చుకోవాలి. వెట్ అంటే డీజిల్ ఖర్చు వాళ్ళదే, డ్రై అంటే మనం పోయాలి. వెట్ రేటు బండికి క్యాంపు ఫ్యూయల్ ట్రక్కు నుంచి పోస్తే ఆ గ్యాలన్లు బిల్లులోంచి కోసేయాలి, ఫ్యూయల్ చీటీలు రోజూ తెప్పించుకోకపోతే ఇది చేయిజారిపోతుంది. రోజువారీ రేటు ఉన్నవాటికి హైర్ మొదటి రోజు, చివరి రోజు 8 గంటలకంటే తక్కువైతే సగమే.

వెండర్‌గా రావాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. ముందు ప్రభుత్వంతో వ్యాపారం చేసేవాళ్ళ సైటు శామ్ డాట్ గవ్‌లో రిజిస్టర్ అవ్వాలి, అక్కడ యూఈఐ అనే మీ వ్యాపారం గుర్తింపు నంబర్ వస్తుంది, అది ఫ్రీ, డబ్బులడిగేవాళ్ళని నమ్మకండి. ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళు వైపర్ అనే సిస్టంలో టెండర్ పిలిచి అగ్రిమెంట్లు ఇస్తారు, వాటినుంచి డిస్పాచ్ ప్రయారిటీ లిస్ట్ తయారవుతుంది, పిలుపు ఆ వరసలో వస్తుంది. అగ్రిమెంట్ వచ్చింది కదా అని అప్పు చేసి ట్రక్కు కొనకండి, పని ఇస్తామన్న గ్యారంటీ అందులో ఎక్కడా ఉండదు, వానలు పడిన సంవత్సరం బండి షెడ్డులోనే ఉంటుంది.

స్థలం అగ్రిమెంట్ గురించి ఒక్క మాట. రైతు పొలంలో క్యాంపు పెడితే సంతకానికి ముందే ఆయనతో కలిసి గట్టంతా నడవండి, ఏ గేటు విరిగి ఉంది, గడ్డి ఎంత ఎత్తుంది, నీళ్ళ పైపు ఎక్కడ పోతుంది, ఫోటోలు తీయండి. వందల బండ్లు తిరిగాక అది పొలంలా ఉండదు, మళ్ళీ విత్తనం ఎవరు చల్లాలో ముందే రాసుకోవాలి.

అసైన్‌మెంట్ మామూలుగా ప్రయాణం కాకుండా 14 రోజులు, రోజుకి 16 గంటల దాకా లాగేస్తారు. పెన్నులు, హెడ్‌ల్యాంప్, బైండర్ క్లిప్పులు, ఒక ఆవకాయ సీసా తీసుకెళ్ళండి, క్యాంపు కేటరింగ్ వాళ్ళ బంగాళాదుంపలు మూడో రోజుకి మొహం మొత్తుతాయి.

ఇక బండి వెళ్ళిపోయే రోజు. వచ్చినప్పటి ఇన్‌స్పెక్షన్ కాగితం చేత్తో పట్టుకుని ఓనర్‌తో కలిసి మళ్ళీ బండి చుట్టూ తిరగాలి, కొత్త డ్యామేజీ ఉంటే ఇద్దరూ చూసి రాసుకోవాలి. అప్పుడు ఓఎఫ్-286 ఇన్వాయిస్ ప్రింట్ తీసి ప్రతి రోజునీ టికెట్‌తో పోల్చి చూపించండి. దాని కింద కాంట్రాక్టర్ రిలీజ్ అని చిన్న అక్షరాలుంటాయి, సంతకం పెడితే ఇంకేం క్లెయిమ్ లేదని ఒప్పుకున్నట్టే, ఏదైనా తేలకుండా ఉంటే రిమార్క్స్‌లో రాసి పెట్టుకునే హక్కు అతనికుంది. ఇంటికెళ్ళే తొందరలో వాళ్ళు అది చదవరు, అందుకే నేను వేలు పెట్టి ఆ లైన్ చూపించి, చదివి వినిపించాకే పెన్ను ఇస్తా.