మోడెమ్ పాఠాలు, 6వ భాగం: 56కె మోడెమ్ 53 దగ్గర ఎందుకు ఆగింది?

పోయిన పాఠం చివర రెండు లెక్కలిచ్చాను. మొదటిది సులువు. ఎక్స్‌ఛేంజి ఫోన్ లైన్ మీద సెకనుకు 8,000 నమూనాలు (సిగ్నల్ ఎత్తును చెప్పే అంకెలు) పంపుతుంది, ఒక్కో నమూనాలో మోడెమ్ 7 బిట్లు పెట్టగలిగితే సెకనుకు ఎన్ని బిట్లు? 56,000. పెట్టె మీద పెద్దక్షరాల్లో అచ్చేసిన అంకె ఇదే. రెండోది కొంచెం చిక్కు. కనెక్ట్ అయ్యాక తెరమీద కనబడే అంకెలు 53,333, 49,333, 46,667 అంటూ అంత వంకరగా ఎందుకుంటాయి?

వి.90 (56కె మోడెముల ప్రమాణం పేరు) మోడెమ్ నమూనాలను ఒక్కొక్కటిగా చూడదు, ఆరేసి కట్టలుగా కడుతుంది. సెకనుకు 8,000 నమూనాలంటే 1,333.33 కట్టలు. కట్టకు 42 బిట్లు పడితే 56,000. 41 పడితే 54,667. 40 అయితే 53,333. అంటే కట్టలో ఒక్క బిట్ తగ్గితే వేగం ఒక మెట్టు దిగి 1,333 పోతుంది. (ఆరే ఎందుకంటారా? అమెరికా ఎక్స్‌ఛేంజిల్లో సిగ్నలింగ్ కోసం ప్రతి ఆరో నమూనాలో ఒక బిట్ కాజేసే అలవాటుంది. దానికి తగ్గట్టే ఈ కట్ట. ఆ దొంగ వేరు, ఇవాళ్టి దొంగ వేరు. ఆ మొదటి దొంగ సంగతి 8వ పాఠంలో.)

అమెరికాలో అమ్మిన 56కె మోడెముల అట్టపెట్టెల మీద ఒక మూల చీమల బారులాంటి అక్షరాలుండేవి: ప్రభుత్వ నిబంధనల వల్ల దిగుమతి (డౌన్‌లోడ్) వేగం 53కె దాటదు అని. 42లో రెండు బిట్లు పోయాయన్నమాట. ఆ రెండు బిట్లూ ఎక్కడ పోయాయో కాగితం మీద మనమే వెతుకుదాం. ముందు ఒక కొలత నేర్చుకోవాలి.

టెలిఫోన్ వాళ్ళు శక్తిని డీబీఎంలలో కొలుస్తారు. 0 డీబీఎం అంటే సరిగ్గా ఒక మిల్లీవాట్. అక్కడి నుంచి 3 దిగిన ప్రతిసారీ శక్తి దాదాపు సగమవుతుంది. -3 అంటే అర మిల్లీవాట్, -6 అంటే పావు, -9 అంటే అరపావు, -12 అంటే మిల్లీవాట్‌లో పదహారో వంతు. కాలిక్యులేటర్ అక్కర్లేదు, వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. వోల్టేజి సగం కావాలంటే మాత్రం 3 చాలదు, 6 దిగాలి, ఎందుకంటే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 600 ఓమ్‌ల లైన్ మీద 0 డీబీఎం అంటే 0.775 వోల్టులు. -12కి వచ్చేసరికి అందులో నాలుగో వంతు, సుమారు 0.19 వోల్టు. ఒకసారి మీరే వేసి చూడండి, తర్వాతదంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు దొంగ దగ్గరికి వద్దాం. అమెరికాలో సొంత పరికరాన్ని ఫోన్ లైన్‌కు తగిలించుకునే హక్కు 1968లో కార్టర్‌ఫోన్ తీర్పుతో వచ్చింది. అంతకుముందు కంపెనీ ఇచ్చిన ఫోన్ తప్ప మరొకటి పెట్టకూడదు. ఎవరి పెట్టె వాళ్ళు తగిలించుకోవచ్చు అన్నాక, ఆ పెట్టె లైన్‌ను పాడుచేయకుండా హద్దులు కావాలి కదా. వాటినే అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, పార్ట్ 68 నిబంధనలుగా రాసింది. అందులో మనకు కావాల్సింది ఒక్క ముక్క: ఇంటర్నెట్ సంస్థ దగ్గర్నుంచి డిజిటల్‌గా వచ్చి, ఎక్స్‌ఛేంజిలో అనలాగ్‌గా మారి మీ ఇంటికి దిగే సిగ్నల్ శక్తి, ఏ 3 సెకన్ల సగటు తీసుకున్నా, -12 డీబీఎం దాటకూడదని అప్పట్లో ఉండేది.

ఈ హద్దు మీ మోడెమ్‌ను ఉద్దేశించింది కాదు, మీ పక్కింటి ఫోన్‌ను కాపాడటానికి పెట్టింది. కేబుల్‌లో రాగి తీగల జతలు పాతికేసి ఒక కట్టగా మెలిపెట్టి ఉంటాయి. ఒక జతలో గట్టిగా అరిస్తే పక్క జతలో సన్నగా వినబడుతుంది. పాతకాలపు ఫోన్లో మాట్లాడుతుంటే మధ్యలో ఇంకెవరో పెళ్ళి సంబంధం మాట్లాడుకోవడం విన్నవాళ్ళకు క్రాస్‌టాక్ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మనిషైతే ఊపిరి తీసుకోవడానికైనా ఆగుతాడు. మోడెమ్ ఆగదు, గంటల తరబడి ఒకే స్థాయిలో అరుస్తుంది. హద్దు సగటు మీద పెట్టింది అందుకే.

మరి -12కీ, పోయిన రెండు బిట్లకూ చుట్టరికం ఏమిటి? నాలుగో పాఠంలో గీసిన మెట్ల బొమ్మ బయటికి తీయండి: ఒక్కో మెట్టు ఒక నమూనా తీసుకోగల ఒక ఎత్తు. మ్యూ-లా పద్ధతిలో (అమెరికా, జపాన్ పద్ధతి) సున్నాకు పైన 128 మెట్లు, కింద 128. పై సగమే చూద్దాం. 16 మెట్లకొక అంతస్తు చొప్పున ఎనిమిది అంతస్తులు, అంతస్తు పెరిగినకొద్దీ మెట్టు ఎత్తు రెట్టింపు. అట్టడుగు అంతస్తులో మెట్టు ఎత్తు 2. పై అంతస్తులో 256: అది 4191 దగ్గర మొదలై 8031 దగ్గర ముగుస్తుంది.

అన్ని మెట్లనూ సమానంగా వాడామనుకోండి. శక్తి కావాలంటే ఒక్కో మెట్టు విలువను వర్గం చేసి సగటు తీయాలి. నేను వేసి చూశాను: 128 మెట్ల మొత్తం శక్తిలో పై అంతస్తులోని 16 మెట్లవే 75 శాతం! ఎనిమిదో వంతు జనం ముప్పావు వంతు ఆస్తి పట్టుకుని కూర్చున్నట్టు. డీబీఎంలలో చెబితే అన్ని మెట్లూ వాడినప్పుడు సగటు సుమారు -4. హద్దు -12. తేడా 8, అంటే ఆరు రెట్ల పైమాట. సరే, పై 16 మెట్లూ తీసేద్దాం. సగటు -9.5కి దిగుతుంది. ఇంకా హద్దు పైనే ఉన్నాం. పై నుంచి రెండో అంతస్తుకు కూడా కత్తెర పెట్టాల్సిందే.

"దానికేం, కింద ఇంకా బోలెడు మెట్లున్నాయిగా, వాటితో సరిపెట్టుకుందాం" అనిపిస్తుంది. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. కానీ కింది మెట్లు మరీ దగ్గరదగ్గరగా ఉంటాయి. లైన్ మీద కాస్త గరగర ఉన్నా అవతలి మోడెమ్ 4నూ 6నూ విడదీయలేదు, రెండూ కలిసిపోతాయి. కాబట్టి కింద ఒకటి రెండు మెట్లు వదిలేసి ఒకటి చొప్పున ఏరుకోవాలి. అలా ఏరుకుంటే మిగిలేవి ఎక్కువగా పెద్ద మెట్లే, వాటికేమో శక్తి ఎక్కువ. కింద నుంచి గరగర తినేస్తుంది, పై నుంచి చట్టం కత్తిరిస్తుంది. నమూనాకు 7 బిట్లంటే సున్నాకు పైనా కిందా కలిపి 128 మెట్లు విడివిడిగా నిలబడాలి. ఈ రెండింటి మధ్య సందులో అన్ని పట్టవు. 40 బిట్ల కట్టకైతే నమూనాకు 6.67 బిట్లే, అంటే సగటున 102 మెట్లుంటే చాలు. పోయిన రెండు బిట్లూ అంటే, నమూనాకు ఈ 26 మెట్లే.

అందుకే 1998లో ఎఫ్‌సీసీ ఈ -12 హద్దును -6కి సడలిస్తామని ప్రతిపాదించింది. ఇందాకటి వేళ్ళ లెక్క ప్రకారం శక్తి నాలుగు రెట్లు, వోల్టేజి రెట్టింపు. కాగితం మీద అప్పుడు పై మెట్లు కొన్ని తిరిగి చేతికొస్తాయి. నా మటుకు అది చిన్న సంగతే. శుభ్రమైన లైన్ ఉండి 53,333 దగ్గర తల తగిలేవాళ్ళకు మహా అయితే వేగంలో ఇంకో రెండు మెట్లు దొరుకుతాయి. లైన్ దూరమై, జాయింట్లు తుప్పు పట్టి 44,000 దగ్గర ఈడ్చుకొచ్చేవాళ్ళను ఆపుతున్నది గరగరే, చట్టం కాదు. మన ఊళ్ళలో అప్పట్లో ఇంటర్నెట్ కోసం 172తో మొదలయ్యే నంబరుకు డయల్ చేసి కూర్చున్నవాళ్ళది చాలావరకు ఈ రెండో బాధే. అసలు మన ఎక్స్‌ఛేంజిలు వాడేది యూరప్ వాళ్ళ ఏ-లా మెట్లు, ఎఫ్‌సీసీ మాట ఇక్కడ చెల్లదు కూడా.

ఇక్కడొక ఉచ్చుంది. 1999లో న్యూజెర్సీలో నలుగురం ఒకే అపార్ట్‌మెంట్లో, ఒకే ఫోన్ లైన్‌తో ఉండేవాళ్ళం. మాలో ఒకడు ఈ -12 గొడవ ఎక్కడో చదివి, మా రాక్‌వెల్ చిప్ మోడెమ్‌లో ఎస్91 అనే రిజిస్టర్ (మోడెమ్ తన అమరికను దాచుకునే గది) మార్చాడు. అందులో 10 అని ఉంటే మోడెమ్ -10 డీబీఎంతో పంపుతుంది, అంకె తగ్గిస్తే ఇంకా గట్టిగా పంపుతుంది. వాడు 4 పెట్టి, "ఇక చూడండిరా" అన్నాడు. రోజూ 46,667 వచ్చేది ఆ రాత్రి 42,667కి పడిపోయింది. ఎందుకో చెప్పగలరా? ఎస్91 మీ మోడెమ్ పంపే శక్తిని మారుస్తుంది, మీకు వచ్చే శక్తిని కాదు. దిగుమతి వేగాన్ని తేల్చే మెట్లు అవతలి కొసన ఉన్నాయి, మీ చేతిలో లేవు. పైగా మీరు గట్టిగా అరిస్తే ఆ అరుపు ప్రతిధ్వనిగా మీ చెవిలోనే పడి, వచ్చే సిగ్నల్‌ను మరుగు చేస్తుంది. నిబంధన ఎటూ తప్పినట్టే. మర్నాడు పొద్దున ఏటీజెడ్ (మోడెమ్‌ను రీసెట్ చేసే ఆదేశం) కొట్టి పాతదే తెచ్చుకున్నాం.

ఇంటిపనికి కొలవడమే, మార్చడం వద్దు. యూఎస్ రోబోటిక్స్ మోడెమ్ ఉంటే ఒకసారి కనెక్ట్ అయి, లైన్ తెంచాక టెర్మినల్‌లో ఏటీఐ11 కొట్టండి. వచ్చే పట్టికలో రిసీవ్, ట్రాన్స్‌మిట్ లెవెల్ అనే వరస ఉంటుంది. అక్కడ 24/10 అని ఉందనుకోండి. గుర్తులన్నీ మైనస్‌లే: మీకు చేరుతున్నది -24, మీరు పంపుతున్నది -10. అవతల -12తో బయల్దేరితే దారిలో తీగ తినేసింది ఎన్ని డెసిబెల్‌లు? మీ గుమ్మం చేరింది మిల్లీవాట్‌లో ఎన్నో వంతు? వేళ్ళ మీదే చేయండి. కాలిక్యులేటర్ తీసినవాళ్ళు డీబీఎం పేరా ఇంకోసారి చదవాలి.

వచ్చే భాగంలో ఆ ప్రతిధ్వని సంగతి. ఎక్స్‌ఛేంజిలోని హైబ్రిడ్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు తీగల లైన్‌ను నాలుగు తీగలుగా ఎలా విడదీస్తుందో, ఆ పనిలో ఎక్కడ తడబడుతుందో చూద్దాం. పెన్సిలూ, గళ్ళ కాగితమూ దగ్గర పెట్టుకోండి.