కెర్నెల్ పాఠాలు – 6: 4 జీబీ దాటగానే సున్నా

పోయినసారి బ్లాక్ నంబర్‌ని (డిస్క్‌ని 4 కేబీ ముక్కలు చేస్తే ఎన్నో ముక్కో చెప్పే సంఖ్య) బైట్ ఆఫ్‌సెట్‌గా (డిస్క్ మొదలునుంచి ఎన్ని బైట్ల దూరమో) మార్చే ఫంక్షన్ రాయమంటే, వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే చోట బోల్తా పడ్డాయి. అందుకే ఈసారి అనుకున్న పాఠం వాయిదా వేశాను.

మొన్న విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక కుర్రాడు లాప్‌టాప్ తెరిచి, "జవాబుని 64 బిట్ల వేరియబుల్‌లోకే తీసుకున్నాను కదా సార్!" అన్నాడు. తీసుకున్నాడు. కానీ బ్లాక్ నంబర్ 32 బిట్లది. దాన్ని 12 బిట్లు ఎడమకి జరిపే (అంటే 4096తో గుణించే) లెక్క 32 బిట్లలోనే జరిగిపోతుంది. జవాబు ఎక్కడికి వెళ్తుందో సీ భాష చూడదు, ఏ సంఖ్యని జరుపుతున్నామో దాని వెడల్పే చూస్తుంది. కుంచంలో పోసి పొర్లిపోయాక గాదెలోకి మారిస్తే, నేలపాలైన గింజలు తిరిగొస్తాయా? కొందరు లెక్క మొత్తానికి బ్రాకెట్ పెట్టి దాని ముందు క్యాస్ట్ (ఈ విలువని 64 బిట్లకి మార్చు అనే గుర్తు) తగిలించారు. అదీ అంతే. క్యాస్ట్ బ్లాక్ నంబర్‌కే పడాలి, జరపకముందే పడాలి.

4 కేబీ బ్లాకులతో 10,48,576వ బ్లాక్ తీసుకోండి. బైట్లలో అది 4,29,49,67,296. 32 బిట్లలో సున్నా. ఎర్రర్ రాదు, వార్నింగూ రాకపోవచ్చు. మీ డేటా నిమ్మళంగా వెళ్ళి సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ తన వివరాలు రాసుకునే మొదటి చోటు) మీద కూర్చుంటుంది.

బ్లాక్ నంబర్‌కి అన్‌సైన్డ్ లాంగ్ (సీ భాషలో ఒక పూర్ణసంఖ్య రకం) వాడినవాళ్ళు "మాకు పనిచేస్తోంది" అన్నారు. 64 బిట్ లినక్స్‌లో లాంగ్ 64 బిట్లు కాబట్టి పనిచేస్తుంది. 32 బిట్ ఏఆర్ఎం ప్రాసెసర్ బోర్డులో లాంగ్ 32 బిట్లే, అక్కడ పెడితే బండారం బయటపడుతుంది. నాకు క్యాస్టులంటేనే చిరాకు. ఫంక్షన్‌లోకి వచ్చేటప్పుడే బ్లాక్ నంబర్‌ని 64 బిట్లుగా తీసుకుంటే ఈ టెన్షనే ఉండదు.

సెక్టర్ లెక్కలోనూ ఇదే ఉచ్చు, కాస్త దూరంలో ఉంటుంది. ఒక్కో బ్లాక్‌లో 512 బైట్ల సెక్టర్లు (డిస్క్ లెక్కపెట్టే ముక్కలు) ఎనిమిది, వాటి కోసం 3 బిట్లు జరుపుతాం కాబట్టి 2 టీబీ దగ్గర సున్నా అవుతుంది. ఇక బ్లాక్ నంబరే 32 బిట్లయితే 4 కేబీ బ్లాకులతో 16 టీబీ దాటలేం. లినక్స్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ3 అక్కడే ఆగింది. 2008లో 2.6.28 కెర్నెల్‌తో స్థిరపడిన ఈఎక్స్‌టీ4 బ్లాక్ నంబర్‌ని 48 బిట్లు చేసింది. 32 బిట్ కెర్నెల్‌కి ఇంకో తంటా ఉంది: పేజీ కాష్ (ఫైల్ డేటాని మెమరీలో ఉంచే చోటు) ఇండెక్స్ కూడా లాంగే, అంటే 32 బిట్లే. ఫైల్‌సిస్టమ్ ఎంత గొప్పదైనా అక్కడ 16 టీబీయే గోడ.

అభ్యాసం: ట్రంకేట్ కమాండ్‌తో 3 టీబీ స్పార్స్ ఫైల్ (రాసిన చోటుకే డిస్క్ వాడుకునే ఖాళీ ఫైల్) చేయండి, డిస్క్‌లో చోటు తినదు. నేర్చుకోడానికి రాసుకుంటున్న మన బొమ్మ ఫైల్‌సిస్టమ్‌ని దానిమీద ఎక్కించి, 4 జీబీ తర్వాత ఏడో బ్లాక్‌లో, 2 టీబీ తర్వాత ఏడో బ్లాక్‌లో రాయండి. మొదట్లో ఉన్న ఏడో బ్లాక్ చెక్కుచెదరకూడదు. అది నెగ్గాక కెర్నెల్‌లోని ఈఎక్స్‌టీ2 కోడ్ మొత్తం తిరగేసి, ఎడమకి జరిపిన ప్రతి చోటా జరుపుతున్న సంఖ్య ఎన్ని బిట్లదో పక్కన రాసి పంపండి. ఏ ఒక్కటీ వదలొద్దు.