ఫుల్ మీల్స్ తిన్న రోజున కూడా క్యాలరీల లెక్క తప్పకుండా ఉండాలంటే

బరువు తగ్గాలని క్యాలరీలు లెక్కపెట్టుకునేవాళ్ళకి ఇంట్లో పెద్ద ఇబ్బంది ఉండదు. బియ్యం కొలిచి పోసుకుంటారు, నూనె స్పూనుతో వేసుకుంటారు. లెక్క తప్పేది తిరుపతిలో ఆకేసి వడ్డించే హోటల్లో కూర్చున్నప్పుడే. అక్కడ ఫలానా వంటకం వల్లే బరువు పెరుగుతామని చెప్పడానికి లేదు. అసలు సంగతంతా మారు వడ్డనలో ఉంది. అన్నం, సాంబారు, రసం, పెరుగు అడిగినన్నిసార్లు వస్తాయి, అడక్కపోయినా వస్తాయి. అన్నం పారేయకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం కాబట్టి ఆకులో పడిందల్లా తినేస్తాం. ఆ అలవాటు మంచిదే, దాన్ని మార్చుకోనక్కర్లేదు. కానీ దాన్ని నిలుపుకోవాలంటే ‘చాలు’ అన్న మాట వడ్డించాక కాదు, వడ్డించకముందే చెప్పాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క పనిని తేలిక చేయడానికే.

ముందు ఒక మామూలు శాకాహార ఫుల్ మీల్స్‌లో ఏముంటుందో చూద్దాం. మొదట పప్పు, పొడి, నెయ్యితో ఒకసారి, తర్వాత సాంబారుతో, రసంతో, చివర పెరుగుతో. ఇలా నాలుగు విడతల్లో తినే అన్నం మొత్తం సులువుగా 600 నుంచి 700 గ్రాములు అవుతుంది. వండిన తెల్లన్నం 100 గ్రాములకు సుమారు 130 క్యాలరీలు. అంటే ఒక్క అన్నమే 800 నుంచి 900. రెండు చెంచాల నెయ్యి 90, గట్టి పప్పు ఒక గరిటె 110, వేపుడు 110, కూటు (కూరగాయలు, పప్పు కలిపి వండే కూర) 80, రెండు అప్పడాలు 90, సాంబారు 90, రసం 30, కప్పు పెరుగు 60, చిన్న గిన్నెడు పాయసం 150. మొదట్లో పూరీ, కుర్మా వేసే చోట అయితే ఇంకో 200. మొత్తం 1,700 దాటుతుంది. రోజుకు 1,600 క్యాలరీలు పెట్టుకున్న మనిషికి అది ఒక రోజు తిండికి మించిన లెక్క.

ఈ మొత్తంలో సగం ఎక్కడుందో గమనించారా? అన్నంలో. పాయసం మానేసి, అప్పడం పక్కన పెట్టి, నాలుగోసారి అన్నం పెట్టించుకుంటే మిగిలిందేమీ ఉండదు. అందుకే హోటల్ తిండి అనగానే నూనె గురించే భయపడేవాళ్ళు లెక్క సగమే చూస్తున్నట్టు.

కళ్ళకు కొలత నేర్పడం

హోటల్‌కి త్రాసు పట్టుకెళ్ళలేం. కాబట్టి ఆ పని ఇంట్లోనే ఒక వారం చేయాలి. గ్రాముల్లో తూచే చిన్న వంటింటి త్రాసు చాలు. 50 గ్రాముల బియ్యం వండితే సుమారు 150 గ్రాముల అన్నం అవుతుంది. నీళ్ళు ఎక్కువ పోస్తే ఇంకాస్త బరువు తూగుతుంది. ఆ 150 గ్రాములు కంచంలో కుప్పగా పెట్టి మీ పిడికిలి పక్కన పెట్టి చూడండి. చాలామందికి ఒక పిడికిలంత కుప్ప 130 నుంచి 160 గ్రాముల మధ్య తూగుతుంది. కానీ చేతులు అందరివీ ఒకలా ఉండవు, మీ పిడికిలిని మీరే కొలుచుకోండి. తర్వాత అదే అన్నం అరిటాకు మీద పరిచి చూడండి. పరిస్తే తక్కువగా, కుప్ప చేస్తే ఎక్కువగా కనబడుతుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే.

నెయ్యి, నూనె కూడా అలాగే. 5 మిల్లీలీటర్ల చెంచా నూనె 40 క్యాలరీలు, నెయ్యి కూడా అటూఇటూ అంతే. హోటల్లో నెయ్యి వేసే పొడుగు కాడ గరిటెలో ఒకటిన్నర నుంచి రెండు చెంచాలు పడుతుంది. అందుకే ఒక్కసారి వేయించుకుని చెయ్యి అడ్డం పెట్టాలి. పప్పు గరిటెను, సాంబారు గరిటెను కూడా ఇంట్లో నీళ్ళతో కొలిచి చూసుకుంటే హోటల్ గరిటె అందాజుగా తెలుస్తుంది.

వెళ్ళబోయే రోజు

మధ్యాహ్నం భోజనం ఉందని పొద్దున్నుంచి కడుపు మాడ్చుకోవద్దు. ఆకలి మీద కూర్చుంటే మొదటి రెండు నిమిషాల్లోనే పెద్ద కుప్ప పెట్టించుకుంటాం, ఆ తర్వాత లెక్క గుర్తుండదు. పొద్దున రెండు ఇడ్లీ, సాంబారు, లేదంటే రెండు ఉడికించిన గుడ్లు తినండి. రెండు ఇడ్లీ, సాంబారు దాదాపు 200 నుంచి 250 క్యాలరీలు. నెయ్యి పొంగలి, వడ మాత్రం ఆ రోజు వద్దు. ఆ రెండూ కలిస్తే 500 దాటుతాయి. భోజనానికి అరగంట ముందు ఒక గ్లాసు పల్చటి మజ్జిగ తాగితే ఆత్రం తగ్గుతుంది.

లెక్కను రోజుకు కాకుండా వారానికి పెట్టుకోవడం ఇంకో ఉపాయం. రోజుకు 1,600 అయితే వారానికి 11,200. హోటల్ రోజున 2,200 తింటామనుకుంటే మిగతా ఆరు రోజులు 1,500 చొప్పున తింటే సరిపోతుంది. వంద క్యాలరీలు తగ్గడమంటే పొద్దున ఒక ఇడ్లీ, సాయంత్రం కాఫీలో చక్కెర మానడమంత. ఒకేరోజు 600 కోసేయడం కన్నా ఇది చాలా తేలిక, నిలబడేదీ ఇదే.

ఆకు ముందు

ఫుల్ మీల్స్ పక్కనే మినీ మీల్స్, ప్లేట్ మీల్స్ ఉంటే అవే తీసుకోండి. కొలత వాళ్ళే పెట్టేస్తారు. ఫుల్ మీల్స్‌కి కట్టిన డబ్బుకు సరిపడా తినాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. ఆ తేడా పదుల రూపాయల్లో ఉంటుంది, దానికోసం 700 క్యాలరీలు మొయ్యడం దండగ.

ఫుల్ మీల్స్ తప్పకపోతే ఈ వరుస పనిచేస్తుంది. ఆకులో కూటు, పొరియల్ (తాలింపు పెట్టిన పొడికూర), పప్పు పడగానే ముందు అవే తినండి, అన్నం ఇంకా రాకముందే. వడ్డించే మనిషి అన్నం బకెట్‌తో రాగానే ‘అన్నా, రవంత చాలు’ అని, పిడికిలంత పడగానే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టండి. మాటకన్నా చెయ్యే పనిచేస్తుంది. రద్దీలో వాళ్ళకి మాట వినబడదు, చెయ్యి కనబడుతుంది. మొత్తం రెండు పిడికిళ్ళు, అంటే 300 గ్రాములు: మొదటిది సగం పప్పుతో, సగం సాంబారుతో, రెండోది సగం రసంతో, సగం పెరుగుతో. నాలుగు రుచులూ దక్కుతాయి, అన్నం మాత్రం సగానికి తగ్గుతుంది. ఇలా తిన్న భోజనం సుమారు 900 నుంచి 1,000 క్యాలరీల దగ్గర ఆగుతుంది.

మారు అడగాలనిపిస్తే పప్పు, కూటు అడగండి. మన శాకాహార భోజనంలో మాంసకృత్తులు తక్కువ, ఉన్న కొంచెం పప్పులోనూ పెరుగులోనూ ఉంటాయి. కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంచేవి కూడా అవే. వేపుడు మాత్రం ఒక్కసారే. ముఖ్యంగా వంకాయ నూనెను దూదిలా పీల్చుకుంటుంది. గుత్తివంకాయలో శెనక్కాయలు, నువ్వులు, కొబ్బరి కూడా చేరతాయి కాబట్టి రెండు కాయలు, గ్రేవీ కలిపి 200 వరకు వెళ్ళొచ్చు. తమిళనాడు పక్కనే ఉంది కాబట్టి మన హోటళ్ళలో కారకుళంబు (కారంగా ఉండే చింతపండు పులుసు) కూడా వస్తుంది. దాని పైన తేలే నూనెను కదపకుండా అడుగు నుంచి తోడమంటే సరిపోతుంది.

ఆకు ఖాళీగా కనబడితే వడ్డించేవాళ్ళు ఆగరు. అందుకే చివరిదాకా కాస్త కూటు ఆకులో ఉంచుకుని, పెరుగన్నంతో పాటు దాన్ని ముగించి వెంటనే ఆకు మడిచేయండి. పెళ్ళి భోజనాల్లో ఇది మరీ అవసరం. అక్కడ కొసరి కొసరి వడ్డించేది మన చిన్నాన్నో, పెద్దమ్మో అయి ఉంటారు. ‘వద్దు’ అంటే నొచ్చుకుంటారు. ‘అత్తా, ఆ కూటు బాగుంది, అది రవంత వేయి’ అని మనమే ఒకటి అడిగి తీసుకుంటే వాళ్ళకీ తృప్తి, మనకీ బూరె తప్పుతుంది.

పార్సిల్ మీల్స్ అయితే పొట్లం విప్పగానే, మొదటి ముద్దకి ముందే, అన్నం సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. పార్సిల్ అన్నాన్ని ఒకసారి తూచి చూడండి, మనం అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది.

సంగటి, బిర్యానీ

చిత్తూరు వైపు రాగిసంగటి, నాటుకోడి పులుసు దొరికే హోటళ్ళకి వెళ్ళినప్పుడు ‘రాగి కదా, ఎంత తిన్నా ఏం కాదు’ అనుకోవడం పొరపాటు. రాగిపిండి 100 గ్రాములకు 320 క్యాలరీల పైనే, బియ్యానికి పెద్ద తేడా లేదు. పీచు, కాల్షియం ఎక్కువ ఉండటం నిజమే, అందుకే తినడం మంచిది. కానీ 300 గ్రాముల ముద్ద అంటే బియ్యంతో కలిపి 250 నుంచి 300 క్యాలరీలు. పైగా సంగటిని నమలకుండా పులుసులో ముంచి మింగుతాం. నమలని తిండి త్వరగా అయిపోతుంది, కడుపు నిండిన సంగతి తెలిసేలోపు రెండో ముద్ద ముగుస్తుంది. ఒక ముద్ద పెట్టించుకుని, మొదటి సగం తిన్నాక రెండు నిమిషాలు ఆగండి. పులుసు గిన్నెను కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది, దాన్ని చెంచాతో పక్కకి తీసేయొచ్చు. ముక్కలు ఎక్కువ, పులుసు తక్కువ. ఊరుబిండి (శెనక్కాయల పచ్చడి) రెండు చెంచాలంటే శెనక్కాయల వల్ల 80 నుంచి 100 వస్తుందని గుర్తుంచుకోండి.

బిర్యానీ ఒక ప్లేటు 500 గ్రాములుంటే 900 క్యాలరీలు ఖాయంగా రాసుకోవాలి. ఇద్దరు కలిసి ఒక ప్లేటు, పక్కన చికెన్ కబాబో తందూరీయో తీసుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. అడుగున నూనె పట్టిన మెతుకులు వదిలేయాలంటే ముందే పైనుంచి వడ్డించమనాలి. శీతల పానీయం 250 మిల్లీలీటర్లు తాగితే వందకు పైగా చేరుతుంది, దాని బదులు మంచినీళ్ళే మేలు.

లడ్డూ సంగతి

తిరుపతిలో ఉంటూ లడ్డూ లెక్క చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. శ్రీవారి లడ్డూ సుమారు 175 గ్రాములు ఉంటుంది. శెనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, కిస్‌మిస్ ఉన్న తీపి కాబట్టి 100 గ్రాములకు 400 పైచిలుకు వేసుకోవాలి. మొత్తం లడ్డూ 700 నుంచి 800. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు వెళ్ళే మనిషికి ఖర్చయ్యేది కూడా అటూఇటూ అంతే. మెట్లెక్కాం కదా అని లడ్డూ మొత్తం తినేస్తే చెమటోడ్చిందంతా చెల్లయిపోతుంది. ప్రసాదం చిటికెడు తీసుకున్నా ప్రసాదమే, అది మన పెద్దలు చెప్పిన మాటే. కొండ దిగగానే లడ్డూను ఎనిమిది ముక్కలు చేసి పంచండి. ఒక ముక్క 22 గ్రాములు, సుమారు 90 క్యాలరీలు. ఇంట్లో డబ్బాలో మొత్తంగా ఉంచితే వచ్చేపోయేప్పుడు గిల్లుతూ ఉంటాం, ఆ గిల్లినవి ఎవరూ రాసుకోరు.

రాసుకోవడం, మరునాటి బరువు

తినకముందు ఆకును ఫొటో తీసి, చెయ్యి కడుక్కున్న వెంటనే రాసుకోండి. రాత్రికి గుర్తుచేసుకుని రాస్తే అప్పడం, పొడి, రెండో నెయ్యి మరిచిపోతాం. ఫోన్ యాప్‌లో ‘సౌత్ ఇండియన్ మీల్స్, ఒక ప్లేటు’ అని వెతకొద్దు. ఒకరు పెట్టిన ప్లేటు 500, ఇంకొకరిది 1,500 ఉంటుంది. అన్నం ఇన్ని గ్రాములు, పప్పు ఇన్ని అని విడివిడిగా వేసి, మొత్తానికి 20 శాతం కలపండి. అది కనబడని నూనెకు. 10 లేదా అంతకన్నా ఎక్కువ శాఖలున్న హోటళ్ళు మెనూలోనే క్యాలరీలు చూపాలన్న నిబంధన 2022 నుంచి ఉంది. అక్కడ రాసిన అంకె ఉంటే అదే వేసుకోండి.

మరునాడు పొద్దున త్రాసు ఒక కిలో, ఒక్కోసారి కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అది కొవ్వు కాదు. ఒక కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 క్యాలరీలు తినాలి, ఒక్క భోజనంలో అది జరగదు. ఊరగాయ, సాంబారు, అప్పడంలోని ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం నుంచి ఒంట్లో నిల్వ అయ్యే గ్లైకోజన్ అనే పిండిపదార్థం కూడా తన బరువుకు మూడింతల నీటిని పట్టుకుంటుంది. రెండు మూడు రోజుల్లో మామూలుకి వస్తుంది. ఆ అంకె చూసి రెండో రోజు పస్తుంటే మూడో రోజు మళ్ళీ ఆకలితో అతిగా తింటారు, బరువు తగ్గించుకునే ప్రయత్నాలు చాలావరకు ఆగిపోయేది ఈ చక్రంలోనే. వారం లెక్కలో పెట్టుకున్న 1,500కి తిరిగి వచ్చేయండి, నీళ్ళు బాగా తాగండి, బరువు నాలుగో రోజు పొద్దున చూసుకోండి.

షుగర్‌కి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు పైన చెప్పిన వారం సర్దుబాటును డాక్టర్‌ని అడక్కుండా చేయకూడదు. ముఖ్యంగా మందు వేసుకుని అన్నం బాగా తగ్గిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరగొచ్చు.