టెస్టులో ఏమీ లేదంటారు, మంట మాత్రం పోదు

ఒంటేలుకు పోతే మంట. పోయొచ్చి కూర్చున్న పది నిమిషాలకే మళ్ళీ పోవాలనిపిస్తుంది. మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ రిపోర్టులో మాత్రం "నో గ్రోత్" (ఏమీ పెరగలేదు) అని ఉంటుంది. నాకు ఇట్లా ఏడాదిన్నర నడిచింది. తిరుపతిలో ఒక క్లినిక్‌లో రిపోర్టు వైపు చూడకుండానే ఐదుసార్లు యాంటీబయాటిక్ రాసిచ్చారు. కడుపు పాడైంది, మంట మాత్రం అట్లాగే ఉండిపోయింది. రిపోర్టులో ఏమీ లేదంటే మీ నొప్పి అబద్ధమని కాదు. కారణం వేరే చోట ఉంది, అంతే.

ముందు రిపోర్టు సంగతి. మాత్రలు మొదలుపెట్టాక శాంపిల్ ఇచ్చుంటే "నో గ్రోత్"ను నమ్మలేం. మాత్రలకు ముందే, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టివ్వాలి. కల్చర్‌లో ఏమీ రాకపోయినా పస్ సెల్స్ (చీము కణాలు) ఎక్కువగా ఉంటే ఊరుకోవద్దు. క్షయ, క్లామిడియా (కలయికతో అంటుకునే ఒక ఇన్ఫెక్షన్) మామూలు కల్చర్‌లో దొరకవు, వాటికి వేరే పరీక్షలున్నాయి. మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడినా, నొప్పి లేకపోయినా, యూరాలజిస్టును కలవాల్సిందే. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆ రోజే పోండి.

మూత్రం ముదురు పసుపుగా వస్తూ మంటగా ఉందా?
కొండకు పోయేరోజు క్యూలో ఇబ్బందవుతుందని పొద్దుటినుంచీ నీళ్ళు ముట్టని ఆడవాళ్ళు ఎంతమందో. మూత్రం చిక్కబడితే అది నిలిచే సంచి (బ్లాడర్) గోడను రేపుతుంది. కొంచెం కొంచెంగా రోజంతా తాగండి. రంగు లేత పసుపుకొస్తే చాలు, ఒకేసారి లీటరు తాగితే పరుగులే మిగులుతాయి.

ధార మొదలవడానికే ఆలస్యం, పైగా మలబద్ధకం?
పొత్తికడుపు అడుగు కండరాలు బిగుసుకుపోయి ఉండొచ్చు. ఇలాంటప్పుడు బిగించే కెగెల్ వ్యాయామాలు చేస్తే నొప్పి పెరగొచ్చు. వేడినీళ్ళ సంచి, నిదానంగా లోతైన ఊపిరి, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు మేలు.

ముట్లుడిగాక మొదలైందా?
హార్మోను తగ్గి అక్కడి చర్మం పొడిబారుతుంది. లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము గురించి డాక్టరమ్మను సిగ్గుపడకుండా అడగండి. యాంటీసెప్టిక్ నీళ్ళు, వాసన సబ్బు మానేయండి.

సంచి నిండేకొద్దీ నొప్పి, పోయగానే హాయి, ఇది ఆరు వారాలు దాటిందా?
బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్, అంటే ఇన్ఫెక్షన్ లేకుండానే మూత్రం సంచి నొప్పి పుట్టే జబ్బు, కావచ్చు. మిగతావన్నీ లేవని చూశాకే డాక్టర్లు ఆ పేరు పెడతారు. రాత్రిపూట తక్కువ డోసు అమిట్రిప్టిలిన్ మాత్ర, సంచిలోకే ఎక్కించే మందులు, ఇట్లా దారులు ఉన్నాయి. ఒకరికి పనిచేసింది ఇంకొకరికి చేయదు, కాబట్టి ఓపిక కావాలి.

ఈ జబ్బులో చాలామందికి తిండి కూడా మంట రేపుతుంది. మన వంటింట్లో చింతపండు, పచ్చిమిర్చి, టమోటా లేని పూటేది? పైన ఫిల్టర్ కాఫీ. రెండు వారాలు ఇవి, నిమ్మ, కూల్‌డ్రింకులు ఆపండి. సంగటి, పప్పు, సొరకాయ, పులవని మజ్జిగతో గడుస్తుంది. తర్వాత మూడేసి రోజులకు ఒక్కోటి తిరిగి కలపండి. పాల లెక్క రాసే నోటుబుక్కులోనే నేను టైము, తిన్నది, ఎన్నిసార్లు పోయింది రాసుకున్నా. దొరికింది కాఫీ కాదు, ఒంట్లో వేడి తగ్గాలని రోజూ పరగడుపున నేను తాగే నిమ్మరసం! ఇప్పుడు టిఫిన్ తిన్నాక ఒక్క కాఫీ తాగుతా, వెనకే గ్లాసు నీళ్ళు.