పొద్దున లేవలేని టెన్త్, ఇంటర్ పిల్లలకు మూడు వారాల పద్ధతి

విశాఖ కూర్మన్నపాలెంలో 7 గంటలకు బస్సు ఎక్కాల్సిన పిల్లాడిని ఆరింటి నుంచి నాలుగుసార్లు లేపుతారు. ఫ్యాన్ ఆపుతారు, దుప్పటి లాగుతారు, చివరికి మొహాన నీళ్లు చల్లుతారు. వాడు టిఫిన్ ముట్టకుండా బస్సెక్కి, కిటికీకి తల ఆనించి మళ్లీ నిద్రపోతాడు. బద్ధకమని తిట్టి ఊరుకుంటే రేపూ ఇదే జరుగుతుంది. ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకుంటే మాత్రం చాలామంది విషయంలో సరిచేయొచ్చు.

యుక్తవయసు వచ్చాక మెదడులోని గడియారం గంట నుంచి రెండు గంటలు ఆలస్యంగా జరుగుతుంది. ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ చిన్నపిల్లల్లో కన్నా పొద్దుపోయాక విడుదలవుతుంది. దానికి తోడు, మెలకువగా గడిపినకొద్దీ పెరగాల్సిన నిద్రభారం ఈ వయసులో నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే తొమ్మిదింటికి పడుకోబెట్టినా పదిన్నర, పదకొండు దాకా దొర్లుతూనే ఉంటారు. నిద్ర అవసరం మాత్రం తగ్గదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలి. హైస్కూళ్లు ఉదయం 8:30కు ముందు మొదలుపెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే చెప్పింది. మన దగ్గర బస్సు టైము మన చేతిలో లేదు కాబట్టి, పిల్లల గడియారాన్నే జరుపుకోవాలి.

ఆ గడియారాన్ని జరిపే అసలు మందు ఉదయపు వెలుగు. విశాఖకు అది దండిగా ఉంది. దేశం మొత్తానికి టైము లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశానికి మనం కాస్త తూర్పున ఉన్నాం. జూన్‌లో 5:20 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో సూర్యుడు వచ్చేస్తాడు. అహ్మదాబాద్‌లో పిల్లలు చలికాలం చీకట్లో తయారయ్యే వేళకు ఇక్కడ ఎండ పడుతుంది. దాన్ని మందపాటి కర్టెన్లతో ఆపేసుకుంటున్నాం.

లెక్క వేసుకోండి

బస్సు 7:00కు. స్నానం, టిఫిన్, యూనిఫాం కలిపి 45 నిమిషాలు. అంటే లేవాల్సింది 6:15కు. ఎనిమిదిన్నర గంటల నిద్రకు 9:45కల్లా నిద్ర పట్టాలి. ఇప్పుడు 12 గంటలకు పడుతోందనుకుంటే జరపాల్సింది రెండుంపావు గంటలు. రెండు రోజులకు పావుగంట చొప్పున తొమ్మిది మెట్లు, 18 రోజులు. వేసవి సెలవుల తర్వాత బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు కాబట్టి, మే 20 దాటగానే మొదలుపెడితే సరిపోతుంది.

ముందు లేచే టైము జరపండి, పడుకునే టైము దాని వెంట వస్తుంది. తొందరగా లేచి వెలుగు చూసిన రోజునే రాత్రి తొందరగా నిద్ర వస్తుంది. దీన్ని తిరగేసి, ముందుగా పడుకోబెట్టడంతో మొదలుపెట్టే ఇళ్లలో రాత్రంతా గొడవే మిగులుతుంది.

ఇక్కడే ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. సెలవుల్లో రెండింటికి పడుకుని పదింటికి లేచే పిల్లను ఒక్కసారిగా ఐదింటికి లేపి ఆర్కే బీచ్‌కు తీసుకెళ్తారు. ఆ పిల్ల ఒంటికి అది ఇంకా నడిరాత్రే. మామూలుగా లేచే వేళకు రెండు, మూడు గంటల ముందు ఒంటి వేడి బాగా తగ్గి ఉంటుంది. ఆ ఘడియకు ముందు పడ్డ వెలుగు గడియారాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది, తర్వాత పడ్డ వెలుగే ముందుకు తెస్తుంది. అందుకే పది నుంచి తొమ్మిదీ ముప్పావు, తొమ్మిదిన్నర అంటూ మెట్టు మెట్టుగా రావాలి. లేచిన అరగంటలోపు కనీసం 20 నిమిషాలు బయటి వెలుగులో ఉండాలి.

బడి నడుస్తున్న రోజుల్లో లేచే టైము ఎలాగూ కట్టుబడి ఉంటుంది. అప్పుడు ఉదయపు వెలుగు, రాత్రి చీకటి, ఆదివారం, ఈ మూడూ పట్టుకుంటే చాలు. ఆదివారమైనా మామూలు కన్నా గంటకు మించి ఆలస్యంగా లేవనివ్వొద్దు. పదకొండు దాకా పడుకుంటే సోమవారం పొద్దున వేరే దేశం నుంచి విమానం దిగినట్టే ఉంటుంది.

పొద్దున ఎలా లేపాలి

6:00కు కర్టెన్ పూర్తిగా తీసేయండి, ఫ్యాన్ ఒకటి మీదికి తగ్గించండి. 6:15కు అలారం మంచానికి అందనంత దూరంలో, అల్మారా మీద మోగాలి. వంటింట్లోంచి "లేచావా?" అని అరిస్తే "ఆ..." అని వచ్చే జవాబును నమ్మొద్దు, వాడికి తర్వాత అది గుర్తు కూడా ఉండదు. లేచాక 15 నుంచి 30 నిమిషాలు మెదడు పూర్తిగా తేరుకోదు. ఆ కాసేపు హోంవర్కు గురించి అడగొద్దు, నిన్నటి మార్కులు ఎత్తొద్దు. బ్రష్ మీద పేస్టు వేసి చేతికిచ్చి, తూర్పు వైపు బాల్కనీకో డాబా మీదికో పంపండి. పళ్లు అక్కడే తోముకోవాలి, పాలు అక్కడే తాగాలి. ట్యూబులైటు కింద కూర్చుంటే చాలదా అంటే, చాలదు. వెలుగును లక్సుల్లో కొలుస్తారు. ఇంట్లో వెలుగు కొన్ని వందల లక్సులే, మబ్బు పట్టిన పొద్దునైనా బయట వేలల్లో ఉంటుంది. జనవరిలో లేచేటప్పటికి చీకటిగా ఉంటే ఇంట్లో లైట్లన్నీ వేసి, బస్సుకు పది నిమిషాల ముందే రోడ్డు మీదికి పంపండి.

రాత్రి

పడుకోవడానికి గంట ముందు హాల్లో ట్యూబులైట్లు ఆపి ఒక్క పసుపు బల్బు ఉంచండి. ఫోన్ ఛార్జర్ ఇంట్లో ఒక్కటే చోట, పడకగది బయట ఉండాలి. ఈ నియమం అమ్మానాన్నలకూ వర్తించకపోతే వారం కూడా నిలవదు. ఉక్కపోత మన ఊళ్లో పెద్ద అడ్డంకి. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి తగ్గాలి, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. పడుకునే గంటా, గంటన్నర ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి, ఫ్యాన్ గాలి నేరుగా తగిలేలా పక్క వేయండి.

సాయంత్రం కాఫీ మానాల్సిందే. కెఫిన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అంటే ఆరింటికి తాగినదాంట్లో సగం పదకొండుకు ఒంట్లోనే ఉంటుంది. కిరాణా కొట్లో దొరికే 250 మి.లీ. ఎనర్జీ డ్రింకులో సుమారు 75 మి.గ్రా. ఉంటుంది. బడి నుంచి వచ్చాక కునుకు తీయాలంటే 20 నిమిషాలు, అదీ ఐదింటి లోపు. ఇంటికి వచ్చే బస్సులో ఆరింటికి గంటసేపు నిద్రపోతే, రాత్రికి కావాల్సిన నిద్రభారం అక్కడే కరిగిపోతుంది.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే బుర్రకెక్కుతుందని తాతయ్యలు, అమ్మమ్మలు ప్రేమతోనే చెబుతారు. వాళ్ల వయసులో ఆ వేళకు మెలకువ రావడం సహజం. పదిహేనేళ్ల పిల్లకు ఆ ఘడియల్లోనే కలల నిద్ర ఎక్కువగా ఉంటుంది. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్రే సాయపడుతుంది. పన్నెండింటికి పడుకున్న పిల్లను నాలుగింటికి లేపడమంటే ఆ నిద్రను దోచుకోవడమే.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

గట్టిగా గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం ఉంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ చూపించాలి. పడుకోగానే కాళ్లు లాగుతూ కదిలించకుండా ఉండలేకపోతే, ముఖ్యంగా నెలసరి ఎక్కువగా అయ్యే ఆడపిల్లల్లో, ఐరన్ పరీక్ష చేయించాలి. నిద్రతో పాటు తిండి, స్నేహితులు, ఆటల మీద కూడా ఆసక్తి పోతే ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మెలటోనిన్ మాత్రలు మందుల షాపులో అడిగి సొంతంగా వేయొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు రెండు వారాలు ఒక పాత నోట్‌బుక్‌లో మూడు అంకెలు రాయండి: పడుకున్న టైము, నిద్ర పట్టిందనుకున్న టైము, లేచిన టైము. ఆదివారాలు కూడా రాయాలి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.