పొగ, వేడి డిటెక్టర్లను ఇంటి అలారం ప్యానెల్‌కు కలిపినప్పుడు వచ్చే సమస్యలు, పరిష్కారాలు

దొంగతనాల కోసం పెట్టుకున్న అలారం ప్యానెల్‌లో ఒక జోన్ (డిటెక్టర్ల తీగలు కలిపే విడి సర్క్యూట్) ఖాళీగా ఉంటే, దానికే పొగ డిటెక్టర్లను, హీట్ డిటెక్టర్లను కలుపుకోవచ్చు. ఈ వ్యాసం 12 వోల్టుల డీసీ మీద పనిచేస్తూ తీగలతో కలిసే డిటెక్టర్లకు మాత్రమే వర్తిస్తుంది. 230 వోల్టుల కరెంటుతో నడిచే పొగ అలారాలను జోన్‌కు నేరుగా కలపకూడదు. వాటి తయారీదారు ఇచ్చే రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్) మాడ్యూల్ ద్వారానే కలపాలి. తీగలు విప్పే ముందు ప్యానెల్‌కు వచ్చే కరెంటును ఆపి, బ్యాటరీ తీగను కూడా తీసివేయాలి. ఇంటిని గమనించే పర్యవేక్షణ కేంద్రం ఉంటే, పరీక్ష జరుగుతోందని వారికి ముందే చెప్పాలి.

ఫైర్ జోన్ ఏమి చూస్తుందో తెలిస్తే సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి. లైను చివర, అంటే ఆఖరి డిటెక్టర్ దగ్గర, ఒక రెసిస్టర్ ఉంటుంది. ప్యానెల్‌కు ఆ విలువ కనిపించినంతసేపు అంతా సవ్యంగా ఉన్నట్లు లెక్క. లైను తెగితే ప్యానెల్ ట్రబుల్, అంటే లోపం ఉందన్న హెచ్చరిక, చూపుతుంది. రెండు తీగలూ కలిసిపోతే దానిని మంటగా భావించి సైరన్ మోగిస్తుంది. నాలుగు తీగల డిటెక్టర్‌లో రెండు తీగలు విద్యుత్తుకు, మిగిలిన రెండు లోపలి రిలేకు చెందుతాయి. పొగ తగిలినప్పుడు ఆ రిలే జోన్ తీగలను కలుపుతుంది. రెండు తీగల డిటెక్టర్‌లో విద్యుత్తు, సంకేతం ఒకే జత మీద నడుస్తాయి.

లక్షణం: కీప్యాడ్ మీద ఫైర్ జోన్ ట్రబుల్ పోవడం లేదు

నాలుగు తీగల లైనులో మొదట డిటెక్టర్ల దీపాలను చూడాలి. ఒక చోటు వరకు దీపాలు మెరుస్తూ, ఆ తరువాత ఏవీ మెరవకపోతే, ఆ రెండు డిటెక్టర్ల మధ్యనే విద్యుత్తు తీగ తెగిందని అర్థం. లైను చివర పవర్ సూపర్‌విజన్ రిలే బిగించి ఉంటే, విద్యుత్తు పోగానే అది విడిపోయి జోన్‌ను తెరుస్తుంది. కాబట్టి కీప్యాడ్ మీది ట్రబుల్ జోన్ తీగలది కాక విద్యుత్తు తీగలదే కావచ్చు.

అన్ని దీపాలూ మెరుస్తూ ఉంటే, జోన్ తీగలను ప్యానెల్ నుంచి విప్పి మల్టీమీటర్‌తో కొలవాలి. ఆ రిలే ఉన్న లైనుకు, తీగలు విప్పాక, ఈ కొలత సమయంలో డిటెక్టర్ల విద్యుత్తును తిరిగి ఇవ్వాలి, లేకపోతే రిలే విడిపోయి లైను తెగినట్లే కనిపిస్తుంది. ప్యానెల్‌ను బట్టి ఈ రెసిస్టర్ విలువ మారుతుంది: 2.2, 4.7, 5.6 కిలో ఓంలు తరచుగా కనిపించేవి. 5.6 కిలో ఓంల రెసిస్టర్ మీద ఆకుపచ్చ, నీలం, ఎరుపు పట్టీలు ఉంటాయి. ప్యానెల్ అడిగే విలువే మీటరులో వస్తే లైను బాగుంది, ప్రోగ్రామింగ్‌ను చూడాలి. ఏమీ చూపకపోతే లైను తెగింది. మధ్యలో ఉన్న డిటెక్టర్ దగ్గర లైనును విడదీసి, ప్యానెల్ నుంచి అక్కడి వరకు ఉన్న తీగల్లో తెగింపు ఉందో, ఆ తరువాతి భాగంలో ఉందో తేల్చుకుంటే, ఇల్లంతా వెతికే పని తప్పుతుంది. మీటరులో సుమారు 1.87 కిలో ఓంలు వచ్చిందంటే, ఎవరో మూడు డిటెక్టర్లకూ మూడు 5.6 రెసిస్టర్లు పెట్టి ఉంటారు. ఆఖరిదానిని ఉంచి మిగిలినవి తీసివేయాలి.

లక్షణం: పొగ పోయినా అలారం రీసెట్ కావడం లేదు

ప్యానెల్‌కు కలిపే పొగ డిటెక్టర్ సాధారణంగా ఒకసారి మోగితే అదే స్థితిలో ఉండిపోతుంది, దీపం ఆగకుండా వెలుగుతుంది. ఏ గదిలో మొదలైందో తెలియడానికే ఆ ఏర్పాటు. దానిని విడిపించాలంటే కొన్ని క్షణాలు దాని విద్యుత్తు ఆగాలి. విద్యుత్తును ప్యానెల్‌లోని మామూలు ఆక్స్ (అదనపు పరికరాలకు విద్యుత్తు ఇచ్చే) టెర్మినల్ నుంచి తీసుకుంటే అది ఎన్నడూ ఆగదు, రీసెట్ ఎన్నిసార్లు నొక్కినా ప్రయోజనం ఉండదు. రీసెట్ సమయంలో విద్యుత్తును ఆపి ఇచ్చే అవుట్‌పుట్‌కు ఆ తీగను మార్చి, ఆ అవుట్‌పుట్‌ను ప్రోగ్రామింగ్‌లో అందుకు కేటాయించాలి.

ఏ డిటెక్టర్ దీపమూ వెలగకుండా జోన్ మాత్రం అలారంలోనే ఉంటే, జోన్ తీగలు ఎక్కడో కలిసిపోయి ఉండాలి, లేదా హీట్ డిటెక్టర్ పనిచేసి ఉండాలి. విద్యుత్తు అవసరం లేని యాంత్రిక హీట్ డిటెక్టర్లలో స్థిర ఉష్ణోగ్రత భాగం ఒక్కసారికే పనికొస్తుంది. అది కరిగి పనిచేసిన తరువాత మళ్లీ యథాస్థితికి రాదు. డిటెక్టర్‌నే మార్చాలి, రీసెట్‌తో పని లేదు.

లక్షణం: పొగ పెడితే అలారం బదులు ట్రబుల్ వస్తోంది

రిలేలోని ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) టెర్మినల్‌కు బదులు ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) టెర్మినల్‌ను లైనుకు వరుసలో కలిపి ఉంటారు. అందువల్ల పొగ తగిలినప్పుడు తీగలు కలవాల్సింది పోయి తెగుతాయి. కామన్, ఎన్‌ఓ టెర్మినళ్లను జోన్ తీగల మధ్య అడ్డంగా కలిపితే సరిపోతుంది.

లక్షణం: కారణం లేకుండా మోగుతోంది

చాలా సందర్భాలలో తప్పు వైరింగుది కాక స్థలానిది. మిరపకాయల తాలింపు ఘాటు, సాంబ్రాణి ధూపం, స్నానాల గది ఆవిరి, వాన వెలిసిన సాయంత్రం దీపం చుట్టూ మూగే ఉసిళ్లు, ఫాల్స్ సీలింగ్ పనివారు రేపిన దుమ్ము, వీటిలో ఏదైనా పొగ డిటెక్టర్ లోపలి కాంతిని చెదరగొట్టగలదు. వంటగదిలో పొగ డిటెక్టర్ బదులు హీట్ డిటెక్టర్ పెట్టి, పొయ్యికి కనీసం 3 మీటర్ల ఎడంగా పొగ డిటెక్టర్‌ను ఉంచాలి. అయితే పడకగదిలో హీట్ డిటెక్టర్‌తో సరిపెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నిద్రపోతున్నవారిని మొదట ఉక్కిరిబిక్కిరి చేసేది పొగ. గది అంతగా వేడెక్కేదాకా వారికి వ్యవధి ఉండదు.

హీట్ డిటెక్టర్ల ఎంపికలో మన ఎండలను గుర్తుంచుకోవాలి. 57 డిగ్రీల సెల్సియస్ రకం గదులకు సరిపోతుంది. కానీ నీడలోనే 45 డిగ్రీలు దాటే వేసవిలో రేకుల కప్పు కింద వేడి ఆ గీతకు చేరువవుతుంది; అలాంటి చోట 90 డిగ్రీల రకం కావాలి. నిమిషానికి సుమారు 8.3 డిగ్రీల చొప్పున వేడి పెరిగితే పనిచేసే రకాన్ని ఓవెన్ పైన పెట్టకూడదు.

స్థలం సరైనదే అయినా మోగుతుంటే, డిటెక్టర్ తీగలు కరెంటు తీగలతో పాటు ఒకే పైపులో నడుస్తున్నాయేమో చూసి వేరు చేయాలి.

లక్షణం: ఏ లక్షణమూ లేదు, కానీ డిటెక్టర్ పనిచేయదు

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. మోగే తప్పును ఎవరో ఒకరు బాగుచేయిస్తారు, మౌనంగా ఉన్న తప్పు మంట వచ్చేదాకా బయటపడదు. నేను చూసిన ఒక ఇంటిలో రెసిస్టర్‌ను ప్యానెల్ పెట్టెలోనే బిగించి వెళ్లారు. కీప్యాడ్ ఎన్నాళ్లుగానో సవ్యమని చూపుతూనే ఉంది. పై అంతస్తుకు వెళ్లే తీగను నేను చేతితో విప్పినా అది సవ్యమనే చూపింది. ఆ రెసిస్టర్‌ను తీసి పై అంతస్తులోని ఆఖరి డిటెక్టర్‌కు మార్చిన మరుక్షణం, మెట్ల దగ్గర అంతకుముందే తెగి ఉన్న తీగ బయటపడింది.

లైను మధ్యలోంచి కొమ్మలా తీగ లాగి ఒక డిటెక్టర్‌ను కలిపినా ఇదే ప్రమాదం, ఎందుకంటే ఆ కొమ్మ తెగితే ప్యానెల్‌కు తెలియదు. ప్రతి డిటెక్టర్‌కూ వచ్చే తీగ, పోయే తీగ వేర్వేరుగా ఉండాలి. తీగను కత్తిరించకుండా పైపొర మాత్రం ఒలిచి స్క్రూ కింద చుట్టితే, స్క్రూ వదులైనా లైను తెగినట్లు కనిపించదు.

జోన్ రకం మరొక మౌన దోషం. ఫైర్ జోన్‌గా కాక దొంగతనాల జోన్‌గా వదిలేస్తే, ప్యానెల్‌ను ఆర్మ్ చేసినప్పుడు, అంటే కాపలా స్థితిలో పెట్టినప్పుడు మాత్రమే సైరన్ మోగుతుంది. ఆర్మ్ చేయకుండా ఇంటిల్లిపాదీ నిద్రపోతున్న రాత్రి పొగ వచ్చినా, కీప్యాడ్ జోన్ తెరిచి ఉందని చూపి ఊరుకుంటుంది. సిస్టమ్ ఆర్మ్ కాని సమయంలోనే పరీక్షిస్తే ఇది తెలుస్తుంది.

లక్షణం: కరెంటు పోయినప్పుడు ట్రబుల్ వస్తోంది

తీగల పొడవును నిందించే ముందు లెక్క వేయండి: 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో 30 మీటర్ల దూరానికి, రాకపోకలు కలిపి నిరోధం 2 ఓంలకు కాస్త ఎక్కువ. 100 మిల్లీ ఆంపియర్లకు పడిపోయేది 0.2 వోల్టులు మాత్రమే. కాబట్టి బ్యాటరీనే ముందుగా అనుమానించాలి. కరెంటు ఆపి, సైరన్ మోగుతుండగా ఆఖరి డిటెక్టర్ దగ్గర వోల్టేజీని కొలిచి, అది డిటెక్టర్ మీద రాసి ఉన్న కనిష్ఠ విలువ కంటే తగ్గితే బ్యాటరీని మార్చాలి.

రెండు తీగల డిటెక్టర్ల విషయంలో ఒక్క జాగ్రత్త: ప్యానెల్ తయారీదారు ఆమోదించిన మోడళ్లనే, ఆయన చెప్పిన సంఖ్యకు మించకుండా, ప్లస్ మైనస్ చూసుకుని కలపాలి. వాటిని బ్యాటరీకి నేరుగా కలిపి పరీక్షించకూడదు. కరెంటును అదుపు చేసే భాగం ప్యానెల్‌లోనే ఉంటుంది కనుక, అలారం స్థితికి రాగానే డిటెక్టర్ కాలిపోవచ్చు.

మరమ్మతు ముగిశాక ప్రతి పొగ డిటెక్టర్‌నూ బేస్ నుంచి తిప్పి తీయాలి. చాలా మోడళ్లలో అప్పుడు ట్రబుల్ రావాలి. తిరిగి బిగించి టెస్ట్ స్మోక్ స్ప్రే కొడితే సైరన్ మోగాలి. హీట్ డిటెక్టర్ అయితే ఒక తీగ విప్పి ట్రబుల్ వస్తుందో లేదో చూడాలి. అదే సమయంలో డిటెక్టర్ వెనుక ముద్రించిన తయారీ తేదీని కూడా చదివి, పదేళ్లు దాటిన పొగ డిటెక్టర్‌ను, దీపం మెరుస్తున్నా సరే, కొత్తదానితో మార్చాలి.