కొండ ఎక్కే ముందు మొహమాటం దించుకోండి

వానలు వెలిసి రాయి ఆరిందంటే చాలు, ఫ్రెండ్స్ గ్రూపులో "ఈ వీకెండ్ క్లైంబింగ్‌కి పోదామా" అని మెసేజ్ పడుతుంది. తీరా బయల్దేరాక చూస్తే రాయి మీద అనుభవం ఉన్నది ఒకరిద్దరికే. కొందరు ఇండోర్ వాల్ మీద నేర్చుకున్నవాళ్లు, మిగతావాళ్లు ఫొటోలు చూసి ఉత్సాహంగా వచ్చేసినవాళ్లు. ఇలాంటి బృందానికి జాగ్రత్తలు చెప్పమంటే ఎవరైనా సామాన్ల జాబితాతో మొదలుపెడతారు. నేను మనుషులతో మొదలుపెడతాను. మంచి తాడు ఉన్నపళంగా తెగిపోవడం చాలా అరుదు. ముడి పూర్తిగా వేయక, తాడు చివర చూసుకోక, ఒకరు చెప్పింది ఇంకొకరికి వేరేగా వినబడి పడేవాళ్లే ఎక్కువ. వీటిలో చాలావరకు పక్కనున్నవాళ్లు ఒక్క మాట అడిగితే అక్కడే ఆగిపోతాయి. ఆ మాట అడగడానికే మొహమాటం. "అన్నేళ్ల నుంచి ఎక్కుతున్నాడు, ముడి చూపించమంటే ఏమనుకుంటాడో!"

ఏమీ అనుకోకూడదు. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్ దగ్గర లిన్ హిల్ పడిపోయినప్పుడు ఆవిడ ప్రపంచంలోనే మేటి క్లైంబర్లలో ఒకరు. నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీల సెట్, అంటే హార్నెస్‌లోంచి తాడు దూర్చారు, అంతలో ధ్యాస మళ్లింది, ముడి పూర్తి కాలేదు. అలాగే పైదాకా ఎక్కేశారు. దిగడానికి తాడు మీద బరువు వేయగానే 20 మీటర్ల పైనుంచి కింద పడ్డారు. చెట్టు కొమ్మలు అడ్డం వచ్చి బతికారు. నాలుగేళ్ల తర్వాత అమెరికాలోని యోసెమిటీలో ఎల్ కాపిటాన్ అనే పెద్ద రాతిగోడ మీది 'నోస్' మార్గాన్ని ఫ్రీ క్లైంబింగ్‌లో (తాడు పడకుండా కాపాడటానికే తప్ప, పైకి లాక్కోవడానికి వాడకుండా) మొట్టమొదట ఎక్కింది కూడా ఆవిడే. అంత చేయి తిరిగిన మనిషికే ముడి మర్చిపోవడం సాధ్యమైనప్పుడు, మనలో ఎవరినైనా తనిఖీ చేయొచ్చు.

ఆ తనిఖీ నేల మీదే జరగాలి, ప్రతిసారీ జరగాలి. ఎక్కేవాళ్లూ, బిలే చేసేవాళ్లూ (అంటే కింద తాడు పట్టుకుని, ఎక్కేవాళ్లు పడితే ఆపేవాళ్లు) ఎదురెదురుగా నిలబడి ఒకరిని ఒకరు చూడాలి. కంటితో చూస్తే సరిపోదు, చేత్తో పట్టుకుని లాగాలి. హార్నెస్ నడుము పట్టీ తుంటి ఎముకల పైన ఉందా? కిందికి లాగితే జారుతోందంటే వదులుగా ఉన్నట్టే. తాడు నడుము దగ్గరి లూప్‌లోంచీ కాళ్ల పట్టీల మధ్య లూప్‌లోంచీ, రెండింటిలోంచీ పోయిందా? పక్కన సామాన్లు తగిలించుకునే గేర్ లూప్‌కి కట్టుకునే కొత్తవాళ్లు ఉంటారు. అది మనిషి బరువుకి చేసింది కాదు. ఎనిమిది అంకె ముడిలో తాడు పోగులు జంటలు జంటలుగా పక్కపక్కనే నడవాలి. వేలితో లెక్కపెడితే ఐదు చోట్ల జంట కనబడాలి, చివర జానెడు తోక మిగలాలి. తర్వాత బిలే పరికరం: తాడు సరైన దిశలో ఎక్కించారా, దాన్ని హార్నెస్‌కి తగిలించే లోహపు కొక్కెం, అంటే కారాబైనర్ లాక్ అయిందా? నొక్కి చూడండి, తెరుచుకోకూడదు. తాడుని ఒక్కసారి గట్టిగా గుంజితే పరికరం పట్టాలి.

ముడి వేస్తున్న మనిషిని పలకరించకండి. ఎవరైనా పలకరించారా, ఆ ముడి విప్పేసి మొదటి నుంచి వేయమనండి. ఉంగరాలు తీసి ఇంటి దగ్గరే పెట్టి రమ్మనండి. రాతి అంచుకి ఉంగరం తట్టుకుని మనిషి జారితే వేలి చర్మం, ఒక్కోసారి వేలే ఊడి వచ్చేస్తుంది. జుట్టు ముడేసుకోవాలి, లేదంటే దిగేటప్పుడు పరికరంలో చిక్కుకుంటుంది.

ఇక తాడు చివర. ఇది అన్నిటికన్నా తేలిగ్గా తప్పించుకోగలిగిన ప్రమాదం, అయినా జరుగుతూనే ఉంటుంది. కింద నిలబడి దించాలంటే తాడు మార్గం ఎత్తుకి రెట్టింపు కన్నా ఎక్కువ ఉండాలి. 60 మీటర్ల తాడుతో 30 మీటర్ల మార్గం అంటే అంచు మీద ఉన్నట్టే. అందులోనూ మార్గం వంకరగా ఉన్నా, తాడు చివరలు పాడై ఎప్పుడో కత్తిరించి ఉన్నా అసలు చాలదు. అందుకని రెండో చివర ఒక గట్టి ముడి వేసి ఉంచండి, లేదా బిలే చేసే మనిషి హార్నెస్‌కే కట్టేయండి. అలా చేస్తే తాడు అయిపోయినా పరికరంలోంచి జారిపోదు. ర్యాపెలింగ్‌కి, అంటే తాడు పట్టుకుని తమంతట తామే దిగడానికి కూడా ఇదే సూత్రం, రెండు చివరలకీ ముడులు ఉండాలి. బ్రాడ్ గోబ్రైట్ తాళ్లు లేకుండా ఎత్తయిన గోడలు ఎక్కి పేరు తెచ్చుకున్న క్లైంబర్. 2019లో మెక్సికోలో తాడుతో దిగుతూ, చివర ముడి లేని తాడులోంచి జారిపోయి చనిపోయారు. ముడి వేయడానికి పట్టేది అర నిమిషం.

పైకి చేరాక ఏం చేస్తారన్నది కూడా కిందే తేల్చుకోండి. బిలే చేసే మనిషి దించాలా, లేక ఎక్కినవాళ్లు తమంతట తామే ర్యాపెల్ చేసుకుని వస్తారా? ఈ ఒక్క విషయంలో తికమక పడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పైనున్నవాళ్లు 'దించుతారు' అనుకుని వెనక్కి వాలతారు, కిందివాళ్లు 'దిగి వస్తాడులే' అనుకుని తాడు తీసేసి ఉంటారు. గాలి వీస్తుంటే అరుపులు సరిగ్గా వినబడవు. పక్క మార్గంలో ఇంకో బృందం ఉంటే ఎవరి కేక ఎవరిదో తెలియదు. కాబట్టి పేరు పెట్టి పిలవండి, తిరిగి జవాబు వచ్చేదాకా ఏమీ చేయకండి. మాటలు ముందే ఖాయం చేసుకోండి. 'వదులు' అంటే తాడు కాస్త లూజు చేయమనా, చెయ్యి తీసేయమనా? ఇలాంటివి పక్కనపెట్టి 'స్లాక్' (తాడు వదులు చేయి), 'టేక్' (తాడు బిగించి పట్టు), 'లోయర్' (కిందికి దించు) అనే మూడింటితో సరిపెట్టుకోండి.

బిలే చేసేవాళ్ల బ్రేక్ చెయ్యి తాడు మీంచి ఒక్క క్షణం కూడా లేవకూడదు. దానంతటదే పట్టుకునే పరికరం ఉన్నా సరే. ఫోన్ జేబులో ఉండాలి. ఎక్కే మనిషి బాగా బరువై, కిందున్నవాళ్లు బక్కపలచగా ఉంటే పడ్డప్పుడు కిందివాళ్లు గాల్లోకి లేచి రాతికి కొట్టుకుంటారు. జంటలు కట్టేటప్పుడు ఎవరికి ఎవరు ఇష్టం అని కాకుండా, ఎవరి బరువెంత అని చూడండి.

అరువు సామాన్ల సంగతి. "మా అన్నయ్య పాత హార్నెస్ అటక మీద ఉంది" అన్నవాళ్లని మెచ్చుకుని, దాన్ని అటక మీదే ఉంచమనండి. నైలాన్ ఎండకీ ఏళ్లకీ బలహీనపడుతుంది. ఒక్కసారి కూడా వాడకపోయినా సాధారణంగా పదేళ్లు దాటాక తీసి పారేయమని తయారీదారులే చెబుతారు. బ్యాటరీ యాసిడ్ సోకితే పైకి మచ్చ కూడా కనబడకుండానే పాడైపోవచ్చు. 2006లో యోసెమిటీలో టాడ్ స్కిన్నర్ చనిపోయింది హార్నెస్ ముందు వైపు బిలే పరికరం తగిలించే బిలే లూప్ అరిగి తెగిపోవడం వల్ల. అది అరిగిందని ఆయనకి తెలుసు, కొత్తది ఆర్డర్ కూడా ఇచ్చారు. కొత్తది రాకముందే ఇంకొక్కసారి ఎక్కారు. తాడుని మొత్తం చేతుల్లోంచి పోనిస్తూ తడమండి. ఎక్కడైనా మెత్తగా, చదునుగా తగిలినా, పైతొడుగు చిరిగి లోపలి తెల్లని పోగులు కనబడినా అది పనికిరాదు. సాగని స్టాటిక్ తాడు లీడ్ క్లైంబింగ్‌కి (పైన ముందే తాడు లేకుండా, ఎక్కుతూ తాడు తగిలించుకుంటూ పోవడానికి) వాడకూడదు, పడ్డప్పుడు దెబ్బంతా ఒంటికే తగులుతుంది. హెల్మెట్ ఎక్కేవాళ్లకే కాదు, కింద నిలబడ్డవాళ్లకీ కావాలి. పైనుంచి "రాయి!" అని అరుపు వినబడితే తల ఎత్తి చూడకండి, గోడకి అతుక్కుపోండి.

పెద్దగా ఎత్తు లేని బండరాళ్లు ఎక్కే బౌల్డరింగ్‌లో తాడు ఉండదు కాబట్టి ప్రతి జారుడూ నేల మీదికే. కింద పరిచే మందపాటి పరుపులు, అంటే ప్యాడ్‌ల మధ్య సందు లేకుండా చూడండి. కింద స్పాటింగ్ చేసేవాళ్లు, అంటే పడేవాళ్లకి కాపలాగా నిలబడేవాళ్లు, మనిషిని పట్టుకోబోకూడదు. తల, వెన్ను ప్యాడ్ మీదికి వచ్చేట్టు మళ్లిస్తే చాలు.

వాతావరణం మీ సెలవు చూసి నడుచుకోదు. ఇసుకరాయి తడిస్తే బలం కోల్పోతుంది, పట్టుకున్న అంచు చేతిలోకి ఊడి వస్తుంది. వాన వెలిశాక కనీసం ఒకటి రెండు రోజులు ఆగాల్సిందే. మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు మీ దాకా వచ్చేసినట్టే. శిఖరం దిగి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఒంటరి చెట్టు కిందా, రాతి పంచల కిందా నిలబడొద్దు. ఇరుకు లోయల్లో తలపైన నీలాకాశం ఉన్నా, ఎక్కడో ఎగువన కురిసిన వాన నిమిషాల్లో వరదై వస్తుంది. ఎండలో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. నీడలోకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసరండి. చల్లబరచడం మొదటి పని, మోసుకుపోవడం రెండో పని.

తేనెపట్టు ఉన్న గోడ జోలికి పోకండి. తేనెటీగలు లేస్తే చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని పరుగెత్తడమే. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏవీ వద్దు. ఆ అవయవం కదలకుండా ఉంచి ఆసుపత్రికి.

మళ్లీ మనుషుల దగ్గరికి వద్దాం. మంచు చరియల ప్రమాదాలని అధ్యయనం చేసిన ఇయాన్ మెకామన్, తెలిసిన చోటే కదా అనే ధీమా, మనలో ఒకడు నిపుణుడున్నాడనే భరోసా, నలుగురి మెప్పు కోసం తెగించడం మనుషులని ముంచుతున్నాయని చూపించారు. రాతి గోడ దగ్గరా ఇవే కనబడతాయి. అందుకే బయల్దేరే ముందు రెండు ఒప్పందాలు చేసుకోండి. ఒకటి, ఎంత దగ్గర్లో ఉన్నా వెనక్కి తిరిగే గంట. రెండోది, ఎవరైనా "నేను ఎక్కను" అంటే కారణం అడగకూడదు, ఆటపట్టించకూడదు. మందు కొట్టినవాళ్లకి ఆ రోజు తాడు ఇవ్వకూడదు, వాళ్లే ట్రిప్ పెట్టినా సరే.

ఎవరైనా పడితే లేపి కూర్చోబెట్టకండి. మెడ, వెన్ను కదల్చకండి, రక్తం కారేచోట గుడ్డతో నొక్కి పట్టండి. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడుతుంటే మాత్రం వీలైనంత త్వరగా కిందికి దించాలి, అలా వేలాడటమే ప్రాణాంతకం. చాలా దేశాల్లో అత్యవసర నంబరు 112. సిగ్నల్ లేకపోతే విజిల్ గానీ టార్చ్ గానీ నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరుసార్లు. నిమిషానికి మూడుసార్లు తిరిగి వినబడితే మీ పిలుపు అందినట్టు.

2003లో అమెరికాలోని యూటాలో బండరాయి కింద చెయ్యి ఇరుక్కున్న ఏరన్ రాల్‌స్టన్ ఎక్కడికి వెళ్తున్నదీ ఎవరికీ చెప్పలేదు. ఐదు రోజులు దాటాక తన చెయ్యి తానే కోసుకుని బయటపడ్డారు. ఇంటి దగ్గర ఉండే ఒక మనిషికి ఏ గోడ దగ్గరికి, ఎవరెవరు, ఏ బండిలో వెళ్తున్నారో, ఎన్ని గంటల్లోపు ఫోన్ రాకపోతే సాయం పిలవాలో రాసి పంపండి. తిరిగొచ్చాక ఆ మనిషికి ఫోన్ చేశాకే పడుకోండి. లేకపోతే మీరు గురకపెడుతుంటే రెస్క్యూ వాళ్లు రాత్రంతా కొండ మీద మీకోసం గాలిస్తుంటారు.